వోల్టేజికి కాపలా

నా బల్లమీద అరచేతి వెడల్పుగల ఒక విద్యుత్ పరివర్తకపు బోర్డు ఉన్నది. ఒక ప్రక్కనుండి 12 వోల్టుల విద్యుత్తు దానిలోనికి వచ్చుచున్నది. రెండవ ప్రక్కనుండి అంతకంటె లావైన రాగిపట్టీల మీదుగా 1.2 వోల్టుల విద్యుత్తు బయటికి పోవుచున్నది. త్రిప్పుటకు దానిపై పిడి లేదు. బిగించుటకు మర లేదు. ఒక మూలనుండి సన్నని తీగెలు కొన్ని బయలుదేరి కంప్యూటరును చేరుచున్నవి. తెరమీద 1.2 అను అంకెను చెరిపి 1.1 అని వ్రాసి మీట నొక్కినచో, రెప్ప వాలునంతలో బోర్డునుండి వెలువడు వోల్టేజి 1.1 అగును. లోనికి వచ్చు వోల్టేజి, బయటికి పోవు కరెంటు, బోర్డు వేడిమి, ఇవన్నియు అదే తెరమీద గీతలుగా సాగుచుండును.

ఈ దృశ్యములో చూపరులకు వింత ఏమియు కనబడదు. తెరమీద అంకెలు మార్చుట నేడు పసిబిడ్డలకును అలవాటే. కాని ఈ అంకె వెనుక నూట నలుబది యేండ్లకు పైబడిన కథ ఉన్నది. వోల్టేజిని కనిపెట్టి యుండవలసినది ఎవరు, దానిని మార్చుటకు అధికారము ఎవరిది అను రెండు ప్రశ్నల కథ అది. ఆ రెండు ప్రశ్నలకును పూర్వము ఒకే మనిషి సమాధానము. నేడు ఆ స్థానములో మనిషి లేడు. ఆ మార్పు ఎట్లు జరిగినదో చెప్పుటయే ఈ ప్రసంగపు పని.

1882 సెప్టెంబరు 4వ తేదీన న్యూయార్కు నగరములోని పెర్ల్ వీథిలో ఎడిసన్ తన విద్యుత్కేంద్రమును ప్రారంభించెను. ఆ దినమున వెలిగినవి సుమారు 400 దీపములు. 110 వోల్టుల దగ్గర అవి సుఖముగా వెలుగును. వోల్టేజి పెరిగినచో లోపలి తంతువు ఆయువు తీరకముందే మాడిపోవును. తగ్గినచో దీపము కునుకును. సాయంకాలము ఇండ్లలో దీపములు ఒక్కుమ్మడిగా వెలిగినప్పుడు వోల్టేజి దిగును. రాత్రి ప్రొద్దుపోయి అవి ఆరిపోవుకొలది ఎక్కును. దీనిని సరిచూచుటకు కేంద్రములో ఒక ఏర్పాటు ఉండెను. వోల్టేజి ఒకటి రెండు వోల్టులు హెచ్చినచో ఒక విద్యుదయస్కాంతము కదలి ఎర్ర దీపమును వెలిగించును. తగ్గినచో నీలి దీపమును వెలిగించును. ఎదుట నిలుచున్న ఉద్యోగి ఆ దీపమును చూచి ఒక చేతిచక్రమును త్రిప్పును. చక్రము తిరిగినచో డైనమో అయస్కాంతపు చుట్టలలోని నిరోధము మారి, వోల్టేజి యథాస్థానమునకు వచ్చును.

మన బోర్డుమీది చిప్పు సెకనునకు లక్షలమారులు చేయుచున్నదియు ఈ పనియే. రెండు దీపములు, ఒక కన్ను, ఒక చేయి, ఒక చక్రము: చరిత్రలో ఇక జరిగినదంతయు వీనిలో ఒక్కొక్కదానిని తొలగించి మరియొకదానిని పెట్టుటయే.

మొదట తొలగినవి కన్నును చేయియు. ఈ సందర్భములో హెరాల్డ్ బ్లాక్ అను ఇంజనీరును తలచుకొనవలెను. ఆయన పని టెలిఫోను యాంప్లిఫయరులతో, విద్యుత్కేంద్రములతో కాదు. దూరపు తీగెలపై మాట పోవునపుడు దారిలో పలుచోట్ల దానిని బిగ్గర చేయవలెను. బిగ్గర చేసిన ప్రతిసారియు అది కొంత చెడును. ఆరేండ్లు ఈ చిక్కుతో పెనగులాడిన బ్లాక్‌కు 1927 ఆగస్టు 2వ తేదీ ఉదయమున, ఉద్యోగమునకు పోవుచు హడ్సన్ నదిని పడవపై దాటుచుండగా ఉపాయము తోచెను. చేతనున్న న్యూయార్కు టైమ్సు పత్రికపుట మీదనే దానిని గీసికొనెను. బయటికి వచ్చిన ఫలములో కొంత భాగమును వెనుకకు తెచ్చి, లోనికి వచ్చుదానికి ఎదురుగా నిలుపవలెను; అప్పుడు తప్పు తననుతానే దిద్దుకొనును. ఫీడ్‌బ్యాక్ అని మనము నేడు సులువుగా అనుచున్న మాట ఇదే. బలమును పెంచవలసిన యంత్రములో బలమును చేతులార తగ్గించుకొనుట పిచ్చిపనిగా ఆనాటివారికి తోచెను. 1928లో పెట్టిన దరఖాస్తుకు పేటెంటు చేతికి వచ్చునప్పటికి 1937 డిసెంబరు అయ్యెను.

ఎలక్ట్రానిక్ వోల్టేజి రెగ్యులేటరు ఈ ఊహకు సంతానమే. చలించని ఒక చిన్న వోల్టేజిని ప్రమాణముగా ఉంచుకొని, బయటికి పోవు వోల్టేజిని రెండు నిరోధకములతో భాగించి దానితో పోల్చుచుండవలెను. తేడా ఉన్నచో ట్రాన్సిస్టరును బిగించుటయో వదలుటయో చేయవలెను. ఆ రెండు నిరోధకముల నిష్పత్తియే యంత్రమునకు ఇచ్చిన ఆజ్ఞ. దానిని మార్చవలెనన్న ఒక నిరోధకమును ఊడదీసి మరియొకదానిని అతుకవలెను. లేదా ఒకదానికి బదులు సన్నని మరగల నిరోధకమును పెట్టి స్క్రూడ్రైవరుతో త్రిప్పవలెను. పెర్ల్ వీథి చేతిచక్రము ఈ విధముగా వడ్లగింజంత మర అయ్యెను.

ఆ మరను సరిగా నిలిపిన తరువాత, దానిపై ఎర్రని లక్కచుక్క ఒకటి వేయుట పనివారి ఆచారము. దానికి రెండు ప్రయోజనములు: అదరుపాటున మర కదలదు, ఎవరైన కదిపినచో చుక్క పగిలి బయటపడును. నేను పని నేర్చుకొనుచున్న దినములలో ఒక పనిశాలలో అట్టి చుక్కను పగులగొట్టితిని. త్రిప్పవలసిన మర దాని ప్రక్కది. మీటరు ముల్లు చూచుచు త్రిప్పుచున్నాను, ముల్లు కదలలేదు, కదలలేదని మరికొంత త్రిప్పితిని. నేను కొలుచుచున్నది ఒక వోల్టేజి; త్రిప్పుచున్నది వేరొకటి. 5 వోల్టులు ఉండవలసిన చోట ఎంత పెరిగినదో వాసన వచ్చినగాని తెలియలేదు. ఒక వరుస చిప్పులు పోయినవి. మా మేస్త్రి నన్ను కోపపడలేదు. పగిలిన లక్కచుక్కను మాత్రము వ్రేలితో చూపెను.

ఇక ప్రధాన కథకు వత్తము. పైన చెప్పిన రెగ్యులేటరునకు ఒక పెద్ద లోపము ఉన్నది. అది ఎక్కువైన వోల్టేజిని వేడిమిగా తగులబెట్టును. 12 వోల్టుల నుండి 5 వోల్టులను 10 ఆంపియరులు తీయవలెనన్న, పనికి వచ్చునది 50 వాట్లు. ట్రాన్సిస్టరులో వృథాగా మండునది 70 వాట్లు. దీనికి విరుగుడు స్విచ్చి పద్ధతి. ట్రాన్సిస్టరును కుళాయివలె సగము తెరచి ఉంచుటకు మారుగా, పూర్తిగా తెరచుటయు పూర్తిగా మూయుటయు వేగముగా చేయవలెను. తెరచియున్న కాలమునకును మొత్తము కాలమునకును గల నిష్పత్తియే వోల్టేజిని నిర్ణయించును. 12 వోల్టులను 1.2 చేయవలెనన్న నూటికి పదిపాళ్లు తెరచి ఉంచిన చాలును. తీగెచుట్టయు కెపాసిటరును కలసి ఆ కుదుపులను నున్నగా చేయును.

ఈ పద్ధతిని ఎవరో ఒక్కరు కనిపెట్టిరని చెప్పుట న్యాయము కాదు. 1977లో వచ్చిన ఆపిల్ 2 కంప్యూటరునకు రాడ్ హోల్ట్ కూర్చిన స్విచ్చి సరఫరా జనులకు బాగుగా తెలిసినది; దానితోనే ఈ విద్య పుట్టినదని కొందరు చెప్పుదురు కూడ. కాని అంతకుముందే పెద్ద కంప్యూటరులలోను, అంతరిక్ష నౌకలలోను ఇది ఉండెను. నా మట్టుకు 1976వ సంవత్సరము ముఖ్యమైనదిగా తోచును. బాబ్ మమ్మానో సిలికన్ జనరల్ కంపెనీలో ఈ స్విచ్చికి కావలసిన అదుపు భాగములన్నిటిని ఒక్క చిప్పులో పొందుపరచినది ఆ కాలముననే. కాలిఫోర్నియా టెక్నాలజీ సంస్థలో మిడిల్‌బ్రూక్, చూక్ అను ఇద్దరు ఈ కుదుపుల యంత్రమును లెక్కలలో ఎట్లు పట్టవలెనో చూపినదియు ఆ యేటనే. అంతవరకు అనుభవముతో తడవికొనుచు చేసిన పని అప్పటినుండి గణితముతో చేయు పని అయ్యెను.

అయినను ఆజ్ఞ యింకను నిరోధకములలోనే ఉండెను. దానిని అక్కడనుండి కదలించినది ప్రాసెసరుల ఆకలి. చిప్పులలోని ట్రాన్సిస్టరులు చిన్నవగుకొలది అవి తాళగల వోల్టేజి దిగివచ్చెను. చాలకాలము 5 వోల్టులుగా ఉండినది 3.3 అయి, మరికొంతకాలమునకు 1 వోల్టు సమీపమునకు దిగెను. వోల్టేజి దిగినచో కరెంటు పెరుగును. ఒక వోల్టు దగ్గర 100 ఆంపియరులు త్రాగు ప్రాసెసరునకు, దారిలోని రాగిలో ఓములో వెయ్యవ వంతు నిరోధము ఉన్నను పదవవంతు వోల్టు అక్కడనే హరించిపోవును. పైగా ఒకే జాతి ప్రాసెసరులలో కూడ ఒకటి కోరు వోల్టేజి మరియొకటి కోరదు. బోర్డు చేయువాడు ఏ నిరోధకమును అతుకవలెను?

1995లో వచ్చిన పెంటియం ప్రో ప్రాసెసరు దీనికి చక్కని ఉపాయము చూపెను. దాని కాళ్లలో నాలుగింటిని ఇందుకై కేటాయించిరి. ఆ నాలుగును నేలకు కలిసియున్నవో విడిగా ఉన్నవో చూచి, ప్రక్కనున్న రెగ్యులేటరు తాను ఈయవలసిన వోల్టేజిని తెలిసికొనును. పంక్తిలో కూర్చున్న అతిథియే వడ్డించువానికి తనకెంత కావలెనో సైగ చేసినట్లు ఇది. మేలైన ఏర్పాటే. కాని ఆజ్ఞాపించు అధికారము మనిషి చేతినుండి తొలిసారిగా జారినది కూడ ఇక్కడనే అని నా అభిప్రాయము. ఆ నాలుగు కాళ్ల సైగ కర్మాగారములో ముద్రవేసినట్టిది గనుక ఎవరును దానిని తరువాత మార్చలేరు. అందువలన ఆనాడు భయపడవలసిన పని లేకపోయెను.

సైగలనుండి మాటలకు వచ్చుట తరువాతి మెట్టు. బోర్డుమీది చిప్పులు రెండే తీగెలపై మాటలాడుకొను పద్ధతిని ఫిలిప్స్ కంపెనీవారు 1982లో కల్పించిరి. ఒక తీగె తాళము వేయును. రెండవది పాట పాడును. ప్రతి చిప్పునకు ఒక చిరునామా ఉండును గనుక పెక్కు చిప్పులు ఆ రెండు తీగెలనే పంచుకొనవచ్చును. ఇందులో ఒక చిక్కు ఉన్నది: ఏదైన ఒక చిప్పు తాళపు తీగెను క్రిందికి పట్టుకొని వదలకున్నచో మిగిలినవన్నియు నోరు మూసికొని వేచియుండవలసినదే. 1995లో ఇంటెల్, డ్యూరాసెల్ కంపెనీలు బ్యాటరీల కొరకు ఈ పద్ధతిని కొంత మార్చి ఎస్‌ఎంబస్ అను పేర వెలువరించినప్పుడు దీనికి గడువు పెట్టిరి. సెకనులో వెయ్యవ వంతులు 35 గడచునప్పటికి పట్టు వదలి తీరవలెను. తరువాత మాట చెడకుండ చేరినదో లేదో సరిచూచు ఒక తనిఖీ బైటును కూడ చేర్చిరి; అది వాడుట మాత్రము ఐచ్ఛికము.

బ్యాటరీలకు కుదిరిన భాష పరివర్తకములకు ఏల కుదరదు? 2004లో కొన్ని కంపెనీలు కూడి ఈ ప్రయత్నము మొదలుపెట్టెను. 2005 మార్చిలో పీఎంబస్ అను ప్రమాణము మొదటి రూపమున వెలువడెను. అందులో ఆజ్ఞలకు సంఖ్యలు ఉన్నవి. మామూలు లెక్కలో చెప్పినచో 33వ ఆజ్ఞ వోల్టేజిని నియమించునది; 36వది దాటరాని మేరను నియమించునది; 139వది బయటి వోల్టేజిని, 140వది బయటి కరెంటును, 141వది వేడిమిని చెప్పుమని అడుగునవి; 3వది జరిగిన తప్పుల గుర్తులను తుడిచివేయునది. ఏ కంపెనీ చేసిన బోర్డు అయినను ఈ సంఖ్యలు ఒకటియే. పోటీ కంపెనీలు ఒక భాషకు ఒప్పుకొనుట సామాన్యము కాదు. అది పూర్తిగా సాఫీగా జరిగినదనియు చెప్పలేము. పవర్-వన్ అను కంపెనీ ఇట్టి డిజిటల్ అదుపు తన పేటెంటు క్రిందికి వచ్చునని ఆర్టెసిన్ అను కంపెనీపై వ్యాజ్యము వేసెను. 2007లో టెక్సస్‌లోని జ్యూరీ దాని పక్షమున తీర్పు చెప్పగా, 2010లో అప్పీలు న్యాయస్థానము కూడ దానిని నిలిపెను.

ఇప్పుడు నా తెరమీది 1.2 ఏమగునో చూడుడు. తీగెపై దశాంశబిందువు పోదు, పూర్ణసంఖ్యయే పోవును. నా బోర్డు ఒక వోల్టును 4096 భాగములు చేసికొన్నది. కావున 1.2 వోల్టులు 4915 అను సంఖ్యగా మారి, 33 అను ఆజ్ఞ వెంట పోవును. వేరొక బోర్డు ఒక వోల్టును 512 భాగములే చేసికొని యుండవచ్చును. ప్రమాణము దీనికి అవకాశమిచ్చినది. ఏ భాగహారమో బోర్డునే అడిగి తెలిసికొనుటకు వేరే ఆజ్ఞయు ఉన్నది. అడుగుట మరచినవారి గతి ఏమి? 4915ను 512తో భాగింపుడు: 9.6 వోల్టులు!

ఈ లెక్కను నేను పుస్తకములో చూచి చెప్పుట లేదు. ఒక రాత్రి తొందరలో, సాఫ్ట్‌వేరు చేయవలసిన మార్పును చేతితో చేయబోయి, మొదటి బోర్డు సంఖ్యను రెండవ బోర్డునకు పంపితిని. దాని వెలుపలనున్న చిప్పు వెల, నా నెల జీతముతో పోల్చదగినది. మీట నొక్కిన మరుక్షణమున తెరమీద హెచ్చరిక వెలిగెను. వోల్టేజి గీత 1.32 దగ్గర ఆగి అడ్డముగా సాగుచుండెను. అంతకుముందు వారమున ఆ బోర్డును సిద్ధము చేసిన సహోద్యోగి 36వ ఆజ్ఞతో దాటరాని మేరను అక్కడ పెట్టియుంచెను. పగిలిన లక్కచుక్క ఆ రాత్రి నాకు జ్ఞప్తికి వచ్చినది.

ఇంతవరకు చెప్పినది ఆజ్ఞ సంగతి. అదుపు కూడ అంకెలలోనికి మారుట వేరొక కథ. అది అంత సులభముగా జరుగలేదు. బ్లాక్ ఊహించిన పోలికను పూర్వము ఎడతెగని వోల్టేజిలతోనే చేసిరి. దానిని సంఖ్యలతో చేయవలెనన్న, వోల్టేజిని కొలిచి అంకె చేయవలెను. లెక్క కట్టి, స్విచ్చిని ఎంతకాలము తెరచి ఉంచవలెనో మరల అంకెలో చెప్పవలెను. అంకెలకు మెట్లు ఉండును. నిజమైన వోల్టేజికి మెట్లు లేవు. స్విచ్చి సెకనునకు పదిలక్షల మారులు పనిచేయుచున్నదనుకొనుడు. ఒక ఆవృత్తి 1000 నానోసెకనులు. తెరచియుంచు కాలమును ఒక నానోసెకను చొప్పున మాత్రమే మార్చగలిగినచో, 12 వోల్టుల నుండి తీయు వోల్టేజి ఒక్కొక్క మెట్టునకు 12 మిల్లీవోల్టులు మారును. కాని కొలుచు కన్ను 5 మిల్లీవోల్టుల తేడాను కూడ కనిపెట్టగలదు. అప్పుడేమగును? ఒక మెట్టు దగ్గర తక్కువ, పై మెట్టు దగ్గర ఎక్కువ. నడుమ నిలుచుటకు చోటు లేదు. యంత్రము ఎక్కుచు దిగుచు ఎన్నటికి కుదుటపడదు. చూపు పదునుగాను, చేయి మొద్దుగాను ఉన్నవాని అవస్థ ఇది. చేతి మెట్లు కంటి మెట్లకంటె సన్నగా ఉండవలెనను నియమమును బర్కిలీలో పీటర్చెవ్, శాండర్స్ 2003లో విశదపరచిరి. అదే సంవత్సరమున కొలరాడో విశ్వవిద్యాలయమువారు అతివేగమున పనిచేయు డిజిటల్ అదుపు చిప్పును చేసి చూపిరి. ఆ తరువాతనే ఈ విద్య బజారునకు రాగలిగెను.

బజారులో దీనికి గిరాకి ఏల కలిగెను? కరెంటు ఆదా వలన అని చాలమంది అనుకొందురు. నేను చూచినంతలో అది ముఖ్యకారణము కాదు. పెద్ద కంప్యూటరు బోర్డుపై పది పదునైదు వేర్వేరు వోల్టేజిలు ఉండును. అవి ఒక క్రమములో మేలుకొనవలెను. ఒక క్రమములో నిద్రించవలెను. క్రమము తప్పినచో చిప్పునకు దెబ్బ తగులవచ్చును. పూర్వము ఆ క్రమమునకు కెపాసిటరులు, నిరోధకములు అతికి కాలము లెక్కించెడివారు. ఒక పొరపాటు దొరలినచో బోర్డునే మరల గీయవలసి వచ్చెడిది. ఇప్పుడు ఒక పట్టికలో అంకెలు దిద్దిన చాలును. ఇక పరీక్షల సంగతి. బోర్డు 5 శాతము హెచ్చు వోల్టేజిలోను, 5 శాతము తగ్గు వోల్టేజిలోను పనిచేయునో లేదో చూడవలెనన్న, స్క్రూడ్రైవరుతో ప్రతి మరను రెండుమార్లు త్రిప్పి మరల యథాస్థానమున నిలుపవలెను, లక్కచుక్క సరేసరి. పీఎంబస్‌లో దీనికే వేరు ఆజ్ఞలు ఉన్నవి. వేయి బోర్డులైనను ఒక కార్యక్రమమే పరీక్షించి కాగితము ఇచ్చును.

మూడవ ప్రయోజనము నాకు అన్నిటికంటె ప్రియమైనది. పాత రెగ్యులేటరు చచ్చినచో మాట లేకుండ చచ్చెడిది. ఎండలో చచ్చినదా, కరెంటు ఎక్కువై చచ్చినదా, పైనుండి వచ్చు విద్యుత్తే తప్పినదా, ఎవరు చెప్పగలరు? నేటి చిప్పు తప్పు జరిగినప్పుడు ఏ తప్పో ఒక గుర్తు నిలుపుకొనును. కొన్ని చిప్పులు ఆ క్షణమునందలి వోల్టేజి, కరెంటు, వేడిమి ఎంతెంతయో చెరగని జ్ఞాపకములో వ్రాసిపెట్టును. పెర్ల్ వీథి ఎర్ర దీపము ఆరిపోయిన తరువాత అది వెలిగినట్టు సాక్ష్యము ఉండెడిది కాదు. ఇప్పుడు ఉన్నది. 2011లో లినక్స్ మూలభాగములోనే ఈ భాష తెలిసిన కార్యక్రమము చేరుటతో, ఆ సాక్ష్యమును వినుటకు ప్రత్యేకమైన కంపెనీ సాఫ్ట్‌వేరు కూడ అక్కరలేకపోయెను.

మన ప్రాంతములో ఈ విద్య మహారూపమును చూడగోరువారు విశాఖపట్టణము ప్రక్కన గాజువాకకు పోవలెను. తూర్పు గ్రిడ్డును దక్షిణ గ్రిడ్డును కలుపు పరివర్తక కేంద్రము 1999లో 500 మెగావాట్లతో అక్కడ ఏర్పడెను; 2005లో అంతటిదే మరియొకటి చేరెను. అక్కడ స్విచ్చిలు థైరిస్టరులు. ఒక్కొక్క వరుస మనిషికంటె ఎత్తు. ఎటు ఎన్ని మెగావాట్లు ప్రవహించవలెనో నిర్ణయించునది అక్కడను ఒక అంకెయే.

అంకె వ్రాయగలవాడు యజమాని. కాగా ఆ అంకెను వ్రాయుచున్నది ఎవరు? 2019 డిసెంబరులో బర్మింగ్‌హాం, గ్రాట్స్, ల్యూవెన్ విశ్వవిద్యాలయముల పరిశోధకులు ఒక సంగతి బయటపెట్టిరి. ఇంటెల్ ప్రాసెసరులలో వోల్టేజిని సాఫ్ట్‌వేరుతో కొంచెము తగ్గించుటకు ఒక మార్గము ఉండెను. లోపల రహస్యముగా లెక్కలు జరుగుచున్న సమయమున వోల్టేజిని అదనుచూచి దించినచో గుణకారము తప్పు వచ్చును. ఆ తప్పు ఫలమును పట్టి రహస్యపు తాళపుచెవిని లాగవచ్చును. తలుపు విరుగగొట్టలేదు, గోడకు కన్నము వేయలేదు. లోపలివానికి అన్నము తగ్గించి మాట తడబడునట్లు చేసిరి. ఇంటెల్ సంస్థ ఆ మార్గమును మూయుటకు సవరణ పంపెను.

2023లో బర్మింగ్‌హాం పరిశోధకులు ఇద్దరు ఇంకొక అడుగు వేసిరి. ఒక సర్వరు బోర్డుపై ప్రాసెసరునకు విద్యుత్తునిచ్చు రెగ్యులేటరు, మనము పైన చెప్పుకొన్న రెండు తీగెలపై ఉన్నది. దూరమునుండి సర్వరును పర్యవేక్షించుటకై పెట్టిన వేరొక చిన్న కంప్యూటరునకు ఆ తీగెలు అందుచున్నవి. ఆ దారిని పోయి, ఎక్కడను స్క్రూడ్రైవరు తాకకుండ, వారు వోల్టేజిని మేర దాటించిరి. ప్రాసెసరు శాశ్వతముగా పాడైపోయెను. పర్యవేక్షణకు పెట్టిన కిటికీ అధికారమునకు ద్వారమైనది.

పీఎంబస్ నిర్మాతలు ఈ ప్రమాదమును ఊహింపలేదా? ఊహించిరి. 16వ ఆజ్ఞ అందుకే ఉన్నది. దానితో తగిన సంఖ్యను పంపినచో, ఇక ఏ ఆజ్ఞతోను బోర్డునందు ఏమియు మార్చరాదు, చదువవచ్చును, వ్రాయరాదు. లక్కచుక్కకు ఇది వారసుడు. కాని ఎంత గట్టి నిషేధము పెట్టినను ఒక ఆజ్ఞకు మాత్రము మినహాయింపు ఉంచవలసి వచ్చెను. అది ఆ 16వ ఆజ్ఞయే. లేనిచో ఒకసారి మూసిన తాళమును యజమానియు తెరువలేడు. కావున తాళపుచెవి తాళము ప్రక్కనే, అదే రెండు తీగెలపై, వ్రేలాడుచున్నది. దాటరాని మేర అని నన్ను ఆ రాత్రి కాపాడిన 36వ ఆజ్ఞయు అట్టిదే. మేర కూడ ఒక అంకె, అంకెను మార్చువాడు మేరను మార్చగలడు. పొరపాటు చేయువానికి ఇవి గోడలు. పట్టుదలతో వచ్చువానికి గడపలు.

ఇందువలన కొందరు నిర్మాతలు చిప్పునకు వేరుగా ఒక కాలు పెట్టుచున్నారు. దానిని నేలకో, సరఫరాకో తీగెతో కలిపినగాని వ్రాత సాగదు. సాఫ్ట్‌వేరు ఎంత బ్రతిమాలినను వినదు. నా బల్లమీది బోర్డుపై అట్టి కాలు రెండు ఇత్తడి పుల్లలుగా బయటికి వచ్చి ఉన్నది. వానిపై గోరంత నల్లని టోపీ తొడిగినచో వ్రాయవచ్చును, తీసినచో చదువుటయే. పరీక్షలు ముగిసి బోర్డులు బయటికి పోవు దినమున మా పనిగదిలో ఒకరు కూర్చుండి ఆ టోపీలను ఒక్కొక్కటిగా ఊడదీసి గాజుసీసాలో వేయుచుందురు. తుది బోర్డు పోవునప్పటికి సీసా నిండును. ఆ పని ఇప్పటికి చేతితోనే జరుగుచున్నది.